గోడ మీది కొమ్మలు

మీ ఇంటి కిటికీలో పెంచుకుంటున్న మొక్కల్లో దొంగిలించి తెచ్చినవి ఎన్ని? దాచకండి. అడిగి తెచ్చుకున్న కొమ్మ అచ్చిరాదని, ఎవరూ చూడకుండా తుంచుకొస్తేనే ఇంటికి కలిసొస్తుందని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. నవ్వుకుంటూనే మీరూ ఒక తీగ తుంచి సంచిలో వేసుకునే ఉంటారు. చిన్న సరదా, దానివల్ల ఎవరికి నష్టం అంటారు. ఆ సరదా చాటున ఒక మనిషి చేతిని మనం ఎంత సులువుగా లేకుండా చేయగలమో చిన్నప్పుడు నాందేడ్ రైల్వే క్వార్టర్లలో చూశాను. మళ్లీ మొన్న నా ఫోనులో చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాందేడ్‌లో మాదొక మొక్కల పిచ్చివాళ్ల గుంపు. ఇళ్ల లోపల, కిటికీ గట్ల మీద సక్యులెంట్లు పెంచుతాం. సక్యులెంట్లంటే ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకుని బతికే దళసరి మొక్కలు. కలబంద, రణపాల, జేడ్, ఇంకా నోరు తిరగని పేర్లున్న బుజ్జి మొక్కలు బోలెడు. నెలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఎవరి దగ్గర ఏది పిలకలేస్తే దాన్ని పాత పేపరులో చుట్టి తెచ్చి ఇంకొకరి కొమ్మతో మార్చుకుంటాం. భోకర్ నుంచి బస్సులో వచ్చే లెక్కల మాస్టారు, బట్టల కొట్టు నడిపే సర్దార్జీ, బ్యాంకు అమ్మాయిలు, నాలాంటి రిటైరైన పంతులమ్మలు. మాటలు మరాఠీలో మొదలై, తెలుగులోకి జారి, దక్కనీలో తేలుతాయి. ఈ గుంపును మొదలుపెట్టింది స్వప్న. తరోడా నాకా దగ్గర ఇల్లు, ముప్ఫై దాటిందో లేదో. ఎండాకాలంలో ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. ఆ తరువాత ఆమె కలయికలకు రాలేదు. వానలు పడ్డాక మొన్నొక రోజు ఫోనులో ఫొటో పెట్టింది. గేటు పక్కన అట్టపెట్టె, దాని నిండా పేపరులో చుట్టిన కొమ్మలు. కింద ఇలా రాసింది: "గేటు కాడ పెట్టిన. కావాల్సినోళ్లు తీస్కపోండ్రి. బెల్లు కొట్టే పని లేదు." క్షణాల్లో చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తుల బొమ్మలు వరస కట్టాయి. సాయంత్రానికి ఖాళీ పెట్టె ఫొటో పెట్టింది. అన్నీ పోయాయి. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఆ ఖాళీ పెట్టె చూస్తుంటే నాకొక గోడ గుర్తొచ్చింది.

మేము క్వార్టర్లలో ఉన్నప్పుడు ఇల్లంతా రెండు వాసనలు. బయటి నుంచి ఇంజను బొగ్గు పొగ, లోపలి నుంచి పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె. అమ్మ ఉతికిన బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి వాటి మీద సన్నటి నుసి పడేది. ఆమె తిట్టేది ఇంజన్ను కాదు, నాన్నను, ఆ నుసి ఆయనే తెచ్చి చల్లినట్టు. నాన్న రైల్వేలో గుమాస్తా. నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పత్రికతో పోట్లాడటం ఆయన అలవాటు. అద్దం పక్కన పత్రిక తగిలించుకుని, ఒక చెంప నురగతోనే "తప్పు, తప్పు, ఇదెట్ల కుదుర్తది?" అని గద్దించేవాడు. ఆదివారం సాయంత్రం స్టేషన్ వెనక పఠన మందిరంలో ఆయన స్నేహితుల వాదసభ. జాతకాలు నిజమా, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, దయ్యం పట్టడమంటే ఏమిటి, ఇవీ విషయాలు. నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఎదుటివాడి మాట పూర్తిగా విని, అందులో బోలు ఎక్కడుందో అక్కడ వేలు పెట్టడం నేను ఆ చెక్క బల్లల మీదే నేర్చుకున్నాను.

అమ్మకు సభలు పట్టవు. ఆమెకు డబ్బాలు కావాలి. నూనె డబ్బా ఖాళీ అయితే అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ఎర్రమన్నూ ఇసుకా కలిపి, వంటింటి కిటికీ గట్టు మీద మొక్క పెట్టేది. బయట పెడితే మేకలు మిగల్చవు కాబట్టి మా క్వార్టర్ల లైన్‌లో అందరి తోటలూ కిటికీ చువ్వల లోపలే. అందరి కిటికీల్లోనూ కచ్చితంగా కనబడే మొక్క ఒకటుండేది. ఎర్రటి కాడ, పైసాల్లాంటి గుండ్రటి దళసరి ఆకులు. ఇప్పుడు మేము జేడ్ అంటున్నది అదే. అప్పుడు దాన్ని పైసాకుల చెట్టు అనేవాళ్లం. ఇంట్లో ఉంటే చేతిలో పైసలు ఆడతాయని నమ్మకం. అయితే అది దొంగిలించిందై ఉండాలి.

ఆ చెట్లన్నిటికీ తల్లి చెట్టు నర్సత్త దగ్గర ఉండేది. మా వెనక లైన్‌లో ఆమె అన్న రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఆయన ఇంట్లో ఉండేది. పుట్టిల్లు కర్ఖేలి. ఆమె భర్త రైలు పట్టాల పనిలో ఉండేవాడట. ఎవరో ఆఫీసరు బదిలీ అయిపోతూ బంగళా బయట పారేసిన కుండీని ఆయనే మోసుకొచ్చాడట. ఆయన పోయాడు, కుండీ మిగిలింది. నర్సత్త పొడుగు మనిషి, రైలు కూతను మించే గొంతు, ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం. కానీ ఆమె చేతికి గాజులు లేవు. ఆ ఒక్క కారణానికి ఆమె చేతి నుంచి పసుపు గానీ పువ్వు గానీ మొక్క గానీ మా లైన్‌లో ఆడవాళ్లెవరూ అందుకునేవారు కాదు. మరి అందరి కిటికీల్లోకీ ఆమె చెట్టు ఎలా వచ్చింది? మన సమాజం తెలివి చూడండి. నర్సత్త సాయంత్రం పూట కొమ్మలు కోసి రెండు లైన్ల మధ్య గోడ మీద పెట్టి లోపలికి పోయేది. చీకటిపడేలోగా అవి మాయమయ్యేవి. ఆమె చేతి నుంచి తీసుకుంటే కీడు, ఆమె గోడ మీద నుంచి దొంగిలిస్తే లక్ష్మి!

"వదినె, కొమ్మలు పెట్టిన. ఎవలన్న ఎత్కపోతరేమో జర చూస్తుండు," అని గోడ అవతల నుంచి అమ్మకు చెప్పేది నర్సత్త.

"నేను చూస్తె ఎట్ల ఎత్కపోతరు? సిగ్గుపడరా? నేను లోపటికి పోత," అనేది అమ్మ.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నాకూ అది ఆటలాగే ఉండేది. నర్సత్త నవ్వి ఊరుకోక ఒకసారి అంది, "అయినా వదినె, ఒక్కపారి ఎవలన్న నా చేతులకెల్లి గుంజుకపోతె మంచిగుండు." అమ్మ నవ్వు అక్కడ ఆగిపోయింది.

ఈ దొంగతనం నమ్మకం మీద నాన్నకు మంట. "మొక్కకేం తెల్సు? దానికి పోలీసోడు చెప్పిండా ఇది దొంగ సొమ్మని?" అనేవాడు. రుజువు చేసి చూపిస్తానని ఒకనాడు రెండు డబ్బాలు తెచ్చాడు. సుద్దతో ఒకదాని మీద 'ఇచ్చింది' అనీ రెండోదాని మీద 'దొంగిలించింది' అనీ రాశాడు. లైన్‌లోని ఆడవాళ్లందరి ముందూ నర్సత్త చేతి నుంచి ఒక కొమ్మ అందుకున్నాడు. అక్కడికక్కడే నాటి నీళ్లు పోశాడు. రెండోది ఆమె గోడ మీద నుంచి తానే దొంగిలించాడు. వెంటనే నాటబోతే అమ్మ అడ్డుపడింది. "చేస్తె సక్కగ చెయ్యి. దొంగ కొమ్మ ఎవలు చూడనప్పుడే నాటాలె." మా ఇంట్లో ఎవరూ చూడని వేళ ఎప్పుడుంటుంది? ఆ కొమ్మ చాలా రోజులు రేడియో వెనక పడి ఉంది. అందరం పెళ్లికి పోయిన ఒక పూట నాన్న ఉండిపోయి దాన్ని నాటాడు. మొదటి డబ్బాకు మాత్రం రోజూ పొద్దున ముఖం కడుక్కోగానే చెంబుతో నీళ్లు. మనిషి చేత్తో ఇచ్చిన కొమ్మ గెలవాలని ఆయన ఆరాటం.

గెలవలేదు. 'ఇచ్చింది' నల్లబడి, మెత్తబడి, కంపు కొట్టింది. 'దొంగిలించింది' చిగురు వేసింది. క్వార్టర్లంతా వారం పాటు నవ్వే నవ్వు. పక్కింటి మరాఠీ పిన్నిగారు కుసుమ్ కాకు, మా లైన్‌లో అందరికంటే పెద్దావిడ, కిటికీ దగ్గర నిలబడి "బఘా భావూ, చోరీచంచ్ జగలం!" అంది. చూశారా అన్నగారూ, దొంగిలించిందే బతికింది అని. నాన్న కూడా నవ్వేశాడు. ఆ నవ్వు మీదే ఆవిడ ఇంకో మాట జారింది. "రెండూ నర్సాబాయి కొమ్మలే గదా. చేత్తో ఇచ్చింది కుళ్లింది. చెయ్యి అట్లాంటిది, ఏం చేస్తరు!"

ఆ మాట సాయంత్రానికి అందరూ నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరికి చేరింది. నల్లా దగ్గర నర్సత్త ఉంది. అంతవరకు ఉత్త గుసగుసగా ఉన్న దానికి మా నాన్న రెండు డబ్బాలు పెట్టి, సుద్దతో పేర్లు రాసి, అందరి కళ్లముందూ రుజువు తెచ్చి ఇచ్చాడు. మరునాటి నుంచి గోడ మీద కొమ్మలు లేవు. గోడ అవతల గొంతు కూడా వినబడలేదు. నాన్న రెండు రోజులు పత్రికతో పోట్లాడకుండానే గడ్డం గీసుకున్నాడు. మూడోనాడు రొట్టె తింటూ అన్నాడు.

"ఆదివారం సభల దీని మీదనే మాట్లాడత."

"సభకు కుసుమ్ కాకు అస్తదా? నర్సవ్వ అస్తదా?" అంది అమ్మ, రొట్టె తిరగేస్తూ. "ఎవలకు చెప్తవు? కుర్సీలకా?"

"మరేం చెయ్యమంటవు?"

"నువ్వు చేసింది సాలు. ఇగ నన్ను చెయ్యనియ్యి."

అది చైత్రం. మరాఠీ ఇళ్లలో ఆ నెలంతా హల్దీకుంకూ పేరంటాలు. మాలాంటి తెలుగు ఇళ్లకూ ఆ అలవాటు వచ్చేసింది. ముత్తైదువలను పిలిచి, పచ్చి మామిడి పానకం ఇచ్చి, మామిడి తురుము కలిపిన శనగపప్పు పెట్టి, నానిన శనగలతో వాళ్ల ఒడి నింపుతారు. భర్త పోయినవాళ్లకు పిలుపు ఉండదు. ఎందుకుండదని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ పిలుస్తూ పోయి, వెనక లైన్‌లో నర్సత్త గుమ్మం ముందు ఆగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏంది వదినె, దారి తప్పినవా?" అంది నర్సత్త లోపలి నుంచే.

"లే. నీ తాన్కే అచ్చిన. శుక్రారం మా ఇంట్ల పేరంటం. శనగలు నేను పెడత. కొమ్మలు నువ్వు పెట్టాలె. నీ చేత్తోని."

నర్సత్త బయటికి వచ్చి అమ్మ ముఖంలోకి చూసింది. "అందరు లేసిపోతె?"

"పోతె శనగలు మిగుల్తయి. పోరగాండ్లు తింటరు."

శుక్రవారం మా ముందు గది నిండిపోయింది. మల్లెపూలు, చందనం, మామిడి పులుపు, వీటన్నిటి మీదా ఎప్పటిలాగే బొగ్గు పొగ. నర్సత్త ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో బుట్టతో గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. ఒకావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఇంకొకావిడకు నిద్రలేచే పిల్లాడు గుర్తొచ్చాడు. అమ్మ ఎవరినీ ఆపలేదు. మిగిలినవాళ్లలో ముందు కూర్చున్నది కుసుమ్ కాకు, పెద్దావిడ కాబట్టి ఒడి నింపడం ఆవిడతోనే మొదలు. అమ్మ దోసిలితో శనగలు పోసింది. నర్సత్త బుట్టలోంచి ఒక కొమ్మ తీసి చేయి చాపింది. కాకు ఆ కొమ్మను చూసింది, ఆ చేతిని చూసింది. గదిలో అందరూ కాకును చూస్తున్నారు. ఆవిడ కాదంటే నర్సత్త మళ్లీ ఏ గుమ్మమూ ఎక్కదని నాకు కూడా అర్థమయింది.

"ఏ నర్సాబాయి," అంది కాకు చివరికి. "చోర్ బనవలంస్ మలా. ఇన్నేండ్లు నన్ను దొంగను చేసినవ్. దే ఆతా, ఇగ ఇయ్యి." కొంగు చాపింది.

నర్సత్త కొమ్మ పెట్టింది. "నీళ్లు జర తక్కువ పొయ్యి బాయి. గీ ఇంట్ల అన్న తీర్గ సంపకు." లోపలి గదిలో దాక్కుని వింటున్న నాన్న పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతో గది మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. అందరూ తీసుకున్నారని చెప్పను. కొంగు ముడుచుకున్నవాళ్లు ముడుచుకున్నారు. కానీ తీసుకున్నవాళ్ల కిటికీల్లో ఆ కొమ్మలన్నీ బతికాయి. ఒక్కటీ కుళ్లలేదు. ఆ తరువాత గోడ మీద కొమ్మలు పెట్టవలసిన పని నర్సత్తకు మళ్లీ రాలేదు. అడిగేవాళ్లు గుమ్మానికే వచ్చేవాళ్లు.

నాన్న మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ ప్రయోగాన్ని మరచిపోలేదు. "ఒక కొమ్మ ఎందుకు కుళ్లింది, ఒకటి ఎందుకు బతికింది? నీళ్లు ఎక్కువైనయి, ఒప్పుకుంట. కాని అంత జల్ది ఎట్ల కుళ్లుతది?" అనేవాడు. ఆయనకు దొరకని జవాబు నాకు ఈ వయసులో దొరికింది, అదీ స్వప్న దగ్గర. నేను గుంపులో చేరిన మొదటి ఆదివారం ఆమె నా చేతిలో కొమ్మ పెడుతూ, "ఇంటికి పోంగనే నాటకుండ్రి ఆంటీ. నీడల పడెయ్యుండ్రి. కోసిన కాడ ఆరి పొర కట్టాలె. తడి మీద నాటితె కుళ్లుతది," అంది. నేను అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాను. రేడియో వెనక! దొంగ కొమ్మ ఎందుకు బతుకుతుందో ఇదీ సంగతి. దొంగిలించినవాడు దాన్ని దాచాలి, నాటడానికి వీలు దొరకాలి. ఈలోగా గాయం ఆరిపోతుంది. ఇచ్చిన కొమ్మను ప్రేమ కొద్దీ వెంటనే మట్టిలో పెట్టి ముంచేస్తాం. తరాలుగా మనుషులు కళ్లతో చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే అబద్ధం. పేరంటం కొమ్మలు ఎందుకు బతికాయో కూడా అప్పుడే తెలిసింది. అమ్మ పిలిచిన రోజే నర్సత్త సంబరం పట్టలేక కొమ్మలన్నీ కోసి బుట్టలో సర్ది పెట్టుకుంది. శుక్రవారం దాకా ఆగలేకపోయింది. ఆ కొమ్మలు ఆరినవి ఆ సంతోషంలోనే.

మొక్కకు తెలిసినవి తడి, పొడి, వెలుతురు, చీకటి. ఇచ్చిన చేతికి గాజులున్నాయో లేవో దానికి తెలియదు. ఈ మాట నేను ఎన్నో వేదికల మీద చెప్పగలను. చెప్పాను కూడా. కానీ ఖాళీ పెట్టె ఫొటో చూసిన రోజు నాకు వినబడింది నా ఉపన్యాసం కాదు, అమ్మ అడిగిన ప్రశ్న. ఎవలకు చెప్తవు, కుర్సీలకా? లేచి ఆటో ఎక్కి తరోడా నాకా పోయి స్వప్న ఇంటి బెల్లు కొట్టాను.

తలుపు సగం తీసి చూసింది. "అయ్యో ఆంటీ, అయిపోయినయి. మల్ల కోసినంక పెట్టెల పెడత, మీకు మెసేజ్ చేస్త."

"పెట్టెల వద్దు బిడ్డా. నేను దొంగను కాను. నీ చేత్తోని ఇస్తెనే తీస్కుంట."

ఆమె తల వంచుకుంది. "ఆయన పోయి ఏడాది కాలేదు ఆంటీ. ఎవలన్న ఏమన్న అనుకుంటరేమోనని…"

లోపలి నుంచి ఆమె అత్త గొంతు వినబడింది. "ఎవలనుకుంటరు? నేనద్దన్ననా? రోజు చెప్తున్న, పో బిడ్డా, నీ దోస్తుల తాన్కి పో అని. గా దోస్తులేమొ గేటు కాడికచ్చి, పెట్టెల చెయ్యి పెట్టి, ఉరుకుతున్నరు. ఒక్కలన్న లోపటికచ్చి నీళ్లు తాగిండ్రా?"

నిజానికి మా గుంపులో ఎవరూ స్వప్నను రావద్దనలేదు. ఎవరికీ ఆమె చేయి కీడనే నమ్మకం లేదు. దుఃఖంలో ఉంది, కదిలించడం ఎందుకు, పెట్టెలో పెట్టింది కదా, అనుకున్నారు. మర్యాద! కుసుమ్ కాకు మనసులో ఉన్నది నోటితో అంది కాబట్టి దానికి ఎదురు నిలబడే వీలుంది, ఆవిడ మారే వీలుంది. మన కాలం ఏమీ అనదు. చేతులు జోడించిన బొమ్మ పంపి పక్కకు తప్పుకుంటుంది. నమ్మకం పోయినా గోడ మిగిలింది, గోడకు బదులు అట్టపెట్టె వచ్చింది. అయినా నేను నిరాశపడను. అప్పుడు ఒక గది నిండా మనుషులను మార్చవలసి వచ్చింది. ఇప్పుడు ఒక బెల్లు కొడితే తలుపు తెరుచుకుంది, లోపల అత్తే మన పక్షాన ఉంది. ఇది చిన్న దూరం కాదు.

స్వప్న వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. కిటికీ దగ్గర ఎర్ర కాడల జేడ్ కొమ్మ ఒకటి కోసి, నాకివ్వబోయి ఆగింది. "ఇప్పుడే కోసిన గద ఆంటీ. ఆరాలె. ఆదివారం దాకా ఆగాలె."

"ఆగుత. ఆదివారం నువ్వే పట్టుకరా. ఈసారి అందరు మా ఇంట్లనే కలుస్తున్నరు."

ఆమె వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక కత్తెర చప్పుడు మళ్లీ వినబడింది. ఒక కొమ్మ కాదు, ఇంకా కోస్తోంది.

ఆదివారం ఇంకా రాలేదు. ఈలోగా మీకు పని ఉంది. మీ వీధిలోనూ ఒక గేటు పక్కన ఎవరో ఒక పెట్టె పెట్టే ఉంటారు. అందులో చేయి పెట్టకండి. బెల్లు కొట్టండి. తలుపు తీసేదాకా అక్కడే నిలబడండి. మంచినీళ్లు అడిగి తాగండి. వాళ్ల చేతి నుంచి, అందరూ చూస్తుండగా, ఆ కొమ్మ అందుకోండి. చదవడం ఇక్కడ ఆపి, లేవండి.